మదురై పొంగల్: లాడ్జిలో 4,200 పోయాయి, అరిసెకు చుట్టం దొరికింది

2024 సంక్రాంతికి అమ్మనీ, నా భార్యనీ తీసుకుని మదురై వెళ్లాను. రైలు ప్రయాణం, మీనాక్షి అమ్మవారి దర్శనం హాయిగా జరిగిపోయాయి. బాధంతా లాడ్జిలోనే.

ఫోన్‌లో రోజుకి 1,600కి మాట్లాడుకుని 500 అడ్వాన్స్ పంపాను. భోగి రాత్రి సామాన్లతో దిగితే "పండగ రేటు 3,000, ఇష్టమైతే ఉండండి" అన్నాడు మేనేజరు. అడ్వాన్స్ కూడా తిరిగి ఇవ్వనన్నాడు. ఆ వేళప్పుడు అమ్మని వెంటబెట్టుకుని ఎక్కడని తిరగను? మూడు రాత్రులకి 4,200 ఎక్కువ కట్టాను. తెల్లారి తలంటుకి వేడినీళ్లు బకెట్ 40 రూపాయలట! పండగ పూట నీళ్లు కొనుక్కోవాల్సి వచ్చిందని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టులు వరుసగా మూడు రోజులు జరుగుతాయి కాబట్టి అప్పుడు గదులకి విపరీతమైన గిరాకీ. రేటు మెసేజ్‌లో రాయించుకోకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి.

అమ్మ మనసు తేలికపడింది లాడ్జి వెనక సందులో. వాకిట్లో ముగ్గులున్నాయి గానీ గొబ్బెమ్మలు లేవు, హరిదాసు లేడు. ఇంటి ముందే పొయ్యి పెట్టి, మెడకి పచ్చి పసుపు కొమ్ములు ఆకులతో సహా కట్టిన కుండలో పాలు కాస్తున్నారు. పొంగగానే పిల్లలూ పెద్దలూ "పొంగలో పొంగల్!" అని ఒక్కసారిగా కేకలు. ఒకావిడ మమ్మల్ని పిలిచి ఆకులో చక్కెర పొంగలి పెట్టింది. పేరుకే చక్కెర, వేసేది బెల్లం. నెయ్యి కారుతూ, పెసరపప్పు వెన్నలా కలిసిపోయి ఉంది. డబ్బిచ్చి తిన్న ఏ భోజనమూ దాని ముందు నిలవలేదు.

ఊరికే తినడం అమ్మకి నచ్చదు. డబ్బాలోంచి నాలుగు అరిసెలు తీసి ఇచ్చింది. ఆవిడ కొరికి చూసి "అదిరసం!" అంది. వాళ్లకది దీపావళి పిండివంటట. భాష రాకపోయినా ఇద్దరూ పాకం గురించి చేతులతోనే అరగంట మాట్లాడుకున్నారు.

మర్నాడు పాలమేడు వెళ్దామంటే అమ్మ కదల్లేదు. కనుమ నాడు కాకైనా కదలదు కదా. నాకు వెలితిగానే ఉంది. మినుము తినాల్సిందేనని పట్టుబడితే బండి మీద ఉళుందు వడ, ఒక్కోటి 10 రూపాయలు, తెచ్చాను. "మన గారెలేరా" అంటూ మూడు తింది.