థైరాయిడ్ ఉన్నవాళ్ళ తోడు: బీచ్ రోడ్డులో నాలుగేళ్ళ ఆదివారాలు

థైరాయిడ్ ఉన్న ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి ప్రతి ఆదివారం పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలుస్తాం. దీనికి పేరు లేదు, ఫీజు లేదు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అంతే. గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా నడుస్తాం. తిరిగొచ్చి సముద్రం వైపు గట్టు మీద కూర్చుని ఓ గంట మాట్లాడుకుంటాం. నేను 2021 ఫిబ్రవరిలో చేరాను. నాలుగేళ్ళు దాటింది. మా స్కూల్లో తోటి టీచర్లు, చుట్టాలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు, "అందులో చేరితే ఒళ్ళు తగ్గుతుందా?" అని. ఒక్క మాటలో చెప్పడానికి రావడం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చెప్పేస్తాను. చేరినప్పుడు నా బరువు 81 కిలోలు, ఇప్పుడు 73. ఎనిమిది కిలోలు తగ్గడానికి నాలుగేళ్ళు పట్టింది. బరువు ఒక్కటే కావాలనుకునేవాళ్ళకి ఇది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది, నిజమే. కానీ నేను ఆ గట్టు మీద నేర్చుకున్నది నాకు అంతకు ముందు రెండేళ్ళలో ఎక్కడా దొరకలేదు.

నాకు థైరాయిడ్ అని 2019లో తెలిసింది. హైపోథైరాయిడ్, అంటే గ్రంథి మందకొడిగా పనిచేయడం. రోజూ లెవోథైరాక్సిన్ మాత్ర. 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, 75 చేసి, 100 చేశారు. అయినా టీఎస్‌హెచ్ తొమ్మిది దగ్గరే ఆగింది. గ్రంథికి పని చెప్పే హార్మోను అది, గ్రంథి మందగిస్తే అంకె పెరుగుతుంది, మందు ఎక్కువైతే పడిపోతుంది. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. పొద్దున లేస్తే కాళ్ళు బరువు, మొహం వాపు, దువ్వెన నిండా జుట్టు. మందు వేసుకుంటున్నా ఎందుకు తగ్గడం లేదో అర్థంకాక లోలోపల టెన్షన్ పడేదాన్ని. చూపించుకున్నచోట డాక్టరుగారికి ఒక్కో పేషెంటుకి నాలుగైదు నిమిషాలే. రిపోర్టు చూడటం, డోసు పెంచడం, తర్వాతి వాళ్ళని పిలవడం. చీటీ మీద 'పరగడుపున' అని రాశారు, నేను పరగడుపునే వేసుకుంటున్నాను. ఇంక అడగడానికి నాకేం తోచలేదు.

గుంపులో నా రెండో ఆదివారం. మాలో రిటైరైన స్టాఫ్ నర్సు ఒకావిడ ఉన్నారు, అందరం పిన్నిగారూ అంటాం. నా రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి తేదీల వరసలో ఒడిలో పేర్చుకున్నారు. గాలికి ఎగిరిపోకుండా వాటి మీద తన ఇంటి తాళం గుత్తి పెట్టారు. ఒక్కో కాగితం చూసి, కళ్ళజోడు పైకి జరిపి, "ఏటమ్మా, మాత్రేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ తాగుతావు?" అన్నారు.

"వెంటనే పిన్నీ. కాఫీ కలిపి పెట్టుకునే మాత్ర వేసుకుంటాను."

"మరి కాల్షియం, ఐరన్ మాత్రలు?"

"టిఫిన్ తినగానే."

ఆవిడ ఇంకేమీ అనలేదు. నా చేతిలో చెయ్యేసి, పక్కనున్న పెదవాల్తేరు వదిన వైపు చూశారు. వదిన నవ్వి, "నేనూ మూడేళ్ళు అలాగే చేశాను" అంది.

విషయం ఏమిటంటే, ఈ మాత్రని పేగులు సరిగ్గా పీల్చుకోవాలంటే వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలు అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి. మీల్‌మేకర్ లాంటి సోయా వంటకాలు కూడా మాత్ర వేళకి దూరంగా ఉండాలి. నేను మింగిన మందులో కొంత నా ఒంటికి పట్టకుండానే పోతోంది. తెల్లారి ఐదింటికి మాత్ర, ఆరున్నరకి కాఫీ, కాల్షియం రాత్రి భోజనం తర్వాత అని మార్చుకున్నాను. ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది. డోసు ఒక్క మైక్రోగ్రాము పెంచలేదు. ఆరునెలల తర్వాత డాక్టరుగారే 75కి తగ్గించారు.

ఎనిమిది వారాలు ఎందుకు ఆగాలో కూడా అక్కడే తెలిసింది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకని ఏ మార్పు చేసినా దాని ఫలితం స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అంతకుముందు నేను పదిహేను రోజులకోసారి పరీక్షకి డబ్బులు పోసి, అంకె చూసి బెంగపడేదాన్ని.

చేరిన రెండు నెలలకే కోవిడ్ రెండో ఉధృతి వచ్చింది. నడకలు ఆగిపోయాయి. అప్పుడు ఒకరికొకరం వంతులు వేసుకుని పొద్దున్నే ఫోన్ చేసుకునేవాళ్ళం. "మాత్ర వేసుకున్నావా?" అన్న ఒక్క ప్రశ్న. మూడు నెలల పాటు నాకు ఆ ఫోన్ మాలో గాజువాక నుంచి వచ్చే అక్క చేసింది. ఆ రోజుల్లో వాళ్ళింట్లో ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు. అయినా ఒక్కరోజు మానలేదు. నేను దీన్ని ఎప్పటికీ మర్చిపోలేను.

బరువు సంగతికి వస్తాను. ఈ గుంపు విలువ నాకు నిజంగా తెలిసింది అక్కడే.

2021 డిసెంబరు నాటికి నా టీఎస్‌హెచ్ కుదుటపడి చాలా నెలలైంది. బరువు మూడు కిలోలు తగ్గి 78 దగ్గర ఆగిపోయింది. ఎంత చూసినా అదే అంకె. ఓ ఆదివారం గట్టు మీద, "థైరాయిడ్ కంట్రోల్లోనే ఉంది కదా, మరి ఒళ్ళెందుకు తగ్గదు పిన్నీ?" అన్నాను. ఆవిడ కాసేపు సముద్రం వైపు చూసి, "థైరాయిడ్ తన వాటా తీసేసుకుని వెళ్ళిపోయింది తల్లీ. మిగిలింది మనది" అన్నారు.

థైరాయిడ్ మందగించడం వల్ల వచ్చే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోల దాకానే ఉంటుంది. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మందు సరిపడితే అది దిగిపోతుంది. ఆ పైన ఉన్నది తిండి, నిద్ర, కదలిక, వయసు వీటి లెక్క. ఇంచుమించు ఇదే మాట అంతకుముందు డాక్టరుగారు అన్నారు, మా ఆడపడుచూ అంది. వాళ్ళన్నప్పుడు నాకు నోరు కట్టుకోమని తిట్టినట్టు వినిపించి ఇంటికొచ్చి ఏడ్చాను. పిన్నిగారి హ్యాండ్‌బ్యాగులోనూ నా మాత్రల సీసాలాంటిదే ఉంది. ఆవిడా తన 40 ఏళ్ళ వయసులో ఇదే బాధ పడి లేచిన మనిషి. అందుకే ఆవిడ నోట ఆ మాట నాకు నిందలా కాక దారి చూపినట్టు వినిపించింది. ఒకే జబ్బు ఉన్నవాళ్ళ మధ్య కూర్చోవడం వల్ల వచ్చే లాభం ఇదేనని నా నమ్మకం. చేదు మాట కూడా అక్కడ మింగుడు పడుతుంది.

ఆ వారం నుంచి నా వాటా ఏమిటో రాసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రం నోట్సు పుస్తకాలు దిద్దుతూ తినే జంతికలు, చేగోడీలు. రాత్రి తొమ్మిదిన్నరకి పెద్ద కంచంలో అన్నం. పన్నెండింటికి నిద్ర. ఇవి తెలియనివి కావు, ఎప్పుడూ ఒకచోట రాసి చూసుకోలేదు. రాత్రి భోజనం ఏడున్నరకి జరిపాను. పదకొండింటి ఆకలికి స్కూలుకి చోడి (రాగి) అంబలి పట్టుకెళ్తున్నాను. గాజువాక అక్క చెప్పిన పద్ధతే: రాత్రి పిండి నీళ్ళలో కలిపి మూతపెట్టి, పొద్దున ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికించి, బాగా చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు. పక్కన చిన్న ఉల్లిపాయ. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది కాబట్టి పొద్దుటి మాత్రకి దగ్గరగా మాత్రం తాగను. మిగతా ఐదు కిలోలు అలా పోయినవే.

ఇంకో సంఘటన చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి జరుగుతోంది. సీతమ్మధార నుంచి వచ్చే చెల్లి ఒకామె జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టింది. మూడు నెలల తర్వాత రిపోర్టులో టీఎస్‌హెచ్ ఉన్నట్టుండి బాగా తక్కువ వచ్చింది. డోసు ఎక్కువైందనుకుని తగ్గించారు. నెల తిరక్కుండా మళ్ళీ నీరసం, మలబద్ధకం, చలి. పిన్నిగారు అడిగితే అప్పుడు బయోటిన్ సంగతి బయటపడింది. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని రకాల రక్తపరీక్షల్లో అంకెలు తప్పుగా వస్తాయి, టీఎస్‌హెచ్ లేని తక్కువ చూపిస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపేయాలి. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ విషయం చెప్పమన్నాం. ఆపి చేయించిన పరీక్షలో అసలు అంకె తేలింది, పాత డోసే మళ్ళీ రాశారు.

మాత్రల సీసా వంటింట్లో పెట్టొద్దని చెప్పిందీ వీళ్ళే. ఉప్పు డబ్బా కూడా చెమ్మగిల్లే ఊరు మనది. ఈ మందుకి వేడి, తేమ, వెలుతురు మూడూ పడవు. ఇప్పుడు నా సీసా బీరువాలో చీరల పక్కన, మూత గట్టిగా బిగించి ఉంటుంది. క్యాబేజీ సంగతీ అక్కడే తేలింది. థైరాయిడ్‌కి పడవని రెండేళ్ళు మా ఇంట్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ వండలేదు. మామూలు మోతాదులో ఉడికించి తింటే ఏమీ కాదు, ఇప్పుడు ఎంవీపీ రైతుబజారు నుంచి నిశ్చింతగా తెచ్చుకుంటున్నాను.

లోపాలు దాచకుండా చెప్తాను. మొదటి ఏడాది బరువు చూసే మిషను ఒకటి తెచ్చి ప్రతి ఆదివారం అందరి అంకెలూ గ్రూపులో పెట్టేవాళ్ళు. ప్రోత్సాహానికే అనుకున్నారు. కానీ తగ్గనివాళ్ళు సిగ్గుపడి రావడం మానేశారు. ఇద్దరు పూర్తిగా వెళ్ళిపోయారు. అందులో ఒకామె నాకు బాగా దగ్గరైన మనిషి, ఇప్పటికీ తిరిగి రాలేదు. నేనూ ఆ అంకెలు పెట్టినవాళ్ళలో ఒకదాన్నే, ఆ బాధ నాకు ఉంది. ఇప్పుడు మిషను తీసేశాం. వారంలో ఎన్ని రోజులు మాత్ర సమయానికి వేసుకున్నాం, ఎన్ని రోజులు నడిచాం, అంతే రాస్తాం.

రెండోది ఇంకా ప్రమాదం. ఒకామె బరువు త్వరగా తగ్గాలని ఎవరికీ చెప్పకుండా మాత్ర రెట్టింపు వేసుకుంది. పది రోజుల్లో గుండెదడ, చేతుల వణుకు, రాత్రంతా నిద్ర లేదు. రాత్రిపూట ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఈ మందు బరువు తగ్గించే మందు కాదు. అవసరానికి మించితే గుండెనీ ఎముకలనీ దెబ్బతీస్తుంది. ఆ తర్వాత మాలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: డోసు మాట ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. పిన్నిగారు కూడా చెప్పరు. "డాక్టరుని ఈ ప్రశ్న అడుగు" అని కాగితం మీద రాసిస్తారు, అంతవరకే. గర్భవతులు ఎవరైనా వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి పంపిస్తాం, ఎందుకంటే ఆ సమయంలో డోసు అవసరం సాధారణంగా పెరుగుతుంది.

మూడోది అమ్మకాలు. కొత్తగా చేరిన ఒకావిడ 'థైరాయిడ్ పూర్తిగా నయం చేసే' పొడి అంటూ నలుగురికి అమ్మింది. వాళ్ళలో ఒకరు మాత్ర మానేసి మూడు నెలలు బాధపడ్డారు. మాలో ఎక్కువమందికి ఉన్నది హషిమోటో రకం, మన ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం. 1912లో దీన్ని మొదట వివరించిన జపాన్ డాక్టరు పేరు మీద వచ్చింది ఆ మాట. పొడితో అది పోదు. మీరు ఎక్కడైనా ఇలాంటి గుంపులో చేరితే, ముందు అక్కడ ఎవరైనా ఏదైనా అమ్ముతున్నారా అని చూడండి. అమ్ముతుంటే లేచి వచ్చేయండి.

చిన్న ఇబ్బందులు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికే ఉక్కపోతకి ప్రాణం పోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవలేక గట్టు మీదే కూర్చుంటారు, వాళ్ళని ఒంటరిగా వదలకుండా ఒకరు తోడుంటారు. మగవాళ్ళు లేరు. వాళ్ళలోనూ ఈ జబ్బు ఉంది, కానీ వచ్చి చెప్పుకునేవాళ్ళు కనపడటం లేదు.

ఒక్క సంతోషం రాయాలి. కిందటి ఆషాఢ పౌర్ణమికి మాలో నలుగురం సింహాచలం గిరిప్రదక్షిణకి బయల్దేరాం, ముప్పైరెండు కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాం. నేను అప్పుఘర్ దాకా నడిచి, సముద్రస్నానం చేసి ఆగాను. గాజువాక అక్క మొత్తం పూర్తి చేసింది. నాలుగేళ్ళ కిందట మా మూడో అంతస్తుకి మధ్యలో ఆగకుండా ఎక్కలేకపోయేదాన్ని.

చేరదామనుకునేవాళ్ళకి చెప్పేది ఇంతే. మీ దగ్గరున్న పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకు రండి. వేసుకునే ప్రతి మాత్రా, విటమిన్లతో సహా, ఏ టైముకి వేసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. నెలలో పది కిలోలు తగ్గాలనుకుంటే మీకిక్కడ నిరాశే. గాజువాక, స్టీల్ ప్లాంటు వైపు నుంచి రావడం దూరమవుతోందని అక్క తన ఇంటి దగ్గరే పార్కులో సాయంత్రం పూట ఐదుగురితో మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున కుదరని ఉద్యోగస్తులకి అది నయం. పిన్నిగారు నెలకోసారి బస్సెక్కి అక్కడికీ వెళ్ళొస్తున్నారు.