డ్రైసూట్ లోపల ఏది మేలు: ఫ్లీసా, ఉన్నియా, థిన్సులేటా?

ఐస్‌లాండ్‌లో నీళ్లతో నిండిన సిల్‌ఫ్రా అనే నేల చీలికలో డైవింగ్‌కు వెళ్తున్నామని రాసేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: డ్రైసూట్ (నీళ్లు చొరకుండా, లోపల గాలి నిలిచేలా వేసుకునే డైవింగ్ సూటు) లోపలికి ఏం కొనాలి? ఒక్కసారి సరదాకు వెళ్లేవారైతే ఏమీ కొనకండి. అక్కడ డైవింగ్ చేయించేవారు సూటుతో పాటు లోపలి దుస్తులూ ఇస్తారు. సొంత సూటు కొనుక్కుని ఏటా చల్లటి నీళ్లలో దిగుదామనుకునేవారి కోసమే ఇది.

సిల్‌ఫ్రా నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటాయి. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్ల గుండా దశాబ్దాల పాటు ఊరుతూ వస్తుంది కనుక వేసవైనా పెద్దగా తేడా ఉండదు. ట్రైలామినేట్ సూటు, అంటే మూడు పలుచటి పొరలు అతికించిన బట్టతో చేసినది, నీళ్లను ఆపుతుందే గానీ చలిని ఆపదు. ఆ భారమంతా లోపలి బట్టదే. నురుగు రబ్బరులాంటి నియోప్రీన్ సూటుకు సొంతంగా కొంత వెచ్చదనం ఉంటుంది, దాని లోపలికి కాస్త పలుచటిది చాలు.

ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న కృత్రిమ బట్ట, చవక. ఒంటికి తగ్గట్టు సాగుతుంది, ఉతకడం తేలిక, పది డిగ్రీలు దాటిన నీళ్లలో దానికి వంక పెట్టలేం. కానీ నీళ్లలో నిటారుగా నిలబడ్డారంటే సూటులోని గాలి భుజాలకు చేరుతుంది, పిక్కల దగ్గర సూటు ఒంటికి అతుక్కుంటుంది. అక్కడ ఫ్లీస్ నలిగి చదునైపోతుంది. థిన్సులేట్ కృత్రిమ పోగులతో చేసే పొర. ఆ పోగులు చాలా సన్నం కాబట్టి తక్కువ మందంలోనే ఎక్కువ గాలిని పట్టి ఉంచుతాయి, ఒత్తిడికీ అంత తేలిగ్గా లొంగవు. ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది, పైగా కాస్త బిరుసు.

ఇవన్నీ ఒక ఎత్తు, తడిస్తే ఏమవుతుందన్నది ఒక ఎత్తు. పిడికిలి బిగించి చేతిని లోపలికి వంచి చూడండి. మణికట్టు దగ్గర స్నాయువులు ఉబ్బి, వాటి మధ్య గాడి పడుతుంది. కెమెరానో తాడునో గట్టిగా పట్టుకున్నప్పుడల్లా ఆ గాడి వెంట, సీల్ (మణికట్టును బిగించి పట్టే సూటు అంచు) కింద నుంచి, నీళ్లు సన్నగా లోపలికి జారతాయి. సూటులో చిల్లు లేకపోయినా మోచేతి దాకా తడవడం మామూలే. దానికి తోడు, జిప్పు బిగించుకుని ఒడ్డున వంతు కోసం నిలబడ్డప్పుడు పట్టే చెమట. తడిసిన ఫ్లీస్ నీళ్లు నింపుకుని ఒంటికి అంటుకుంటుంది. డైవింగ్ కోసం చేసిన థిన్సులేట్ నీళ్లను పీల్చదు, తడిలోనూ చాలావరకు వెచ్చగానే ఉంచుతుంది. 4 డిగ్రీల నీళ్లలో చెయ్యి పట్టు తప్పకుండా బయటికి రాగలమా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. అందుకే నా ఓటు థిన్సులేట్‌కే. అయితే లేబుల్ చూసి మంచులో తిరిగే జాకెట్ కొనకండి. డైవింగ్ రకం వేరు.

ఉన్నిని దీనికి పోటీగా చూడకండి, జోడీగా చూడండి. పలుచటి మెరీనో (సన్నటి మెత్తటి ఉన్ని) చొక్కా, పైజామా చర్మానికి ఆనుకుని ఉంటే చెమట తడి తెలియదు. పైపొరగా ఉన్ని బరువు, ఆరడానికి ఒక రోజు చాలదు. నూలు మాత్రం అసలే వద్దు. మనవాళ్లు అలవాటుగా వేసుకునే బనియను కూడా ఇంట్లోనే వదిలేయండి.

బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ చివరిగా కొనవలసినది. లోతులో ఒళ్లు వెచ్చబడి ఎక్కువ నైట్రోజన్ పీల్చుకున్నాక, పైకి వచ్చేటప్పుడు బ్యాటరీ అయిపోయి చల్లబడితే ఆ వాయువు నెమ్మదిగా బయటపడుతుంది. డీకంప్రెషన్ పరంగా, అంటే పైకి వస్తూ ఒంట్లోని వాయువును సురక్షితంగా వదిలించుకునే విషయంలో, అది చేటు. సూటులో గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపితే అది గాలికన్నా తక్కువగా వేడిని వదులుతుందన్నది నిజమే, కానీ దానికి ప్రత్యేకంగా సిలిండరు మొయ్యాలి. మామూలు డైవింగ్‌కు అనవసరం.

మందం పెరిగేకొద్దీ మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువూ పెరుగుతుంది, చేతులు కదపడమూ కష్టమవుతుంది. కాబట్టి కొనేముందు దుకాణంలోనే పైన సూటు తొడిగి, చెయ్యి వెనక్కి చాచి సిలిండర్ వాల్వు అందుతుందో లేదో చూసుకోండి. అందకపోతే ఒక సైజు పెద్ద సూటో, కాస్త పలుచటి లోపలి దుస్తులో ఎంచుకోవాలి. బూట్లలోకి రెండు జతల సాక్సు కుక్కేకన్నా మందపాటి ఉన్ని జత ఒక్కటి వదులుగా వేసుకోండి. వేళ్లు కదలడానికి చోటు లేకపోతే ముందు గడ్డకట్టేవి అవే.