గుర్రపుశాలకు చెక్క గుళికల పరుపు: అనంతపురంలో మా అనుభవం

అనంతపురంలోని మా గుర్రపుశాలలో వరిగడ్డికి బదులు చెక్క గుళికలు పరిచి చూశాము. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి తయారుచేసే ఈ పెల్లెట్లలో తేమ చాలా తక్కువ కనుక, నీళ్లు చల్లిన కాసేపటికే అవి ఉబ్బి, విడిపోయి, మెత్తని పొట్టుగా మారి, మూత్రాన్ని పడిన చోటే పీల్చుకుంటాయి. తడిసిన ముద్దను పారతో ఎత్తివేస్తే మిగతా పరుపు పొడిగానే ఉంటుంది. అమోనియా ఘాటు తగ్గడం గుర్రం ఊపిరితిత్తులకు ఎంతో మేలు. ధర మాత్రం గడ్డి కన్నా ఎక్కువే.

మన సీమ ఎండలకు పొట్టు త్వరగా ఆరి దుమ్ము లేస్తుంది కాబట్టి వేసవిలో మళ్లీ పలుచగా నీళ్లు చిలకరించక తప్పదు. బాయిలర్ల కోసం అమ్మే గుళికల్లో వేరుశనగ పొట్టు, ఇతర పంట వ్యర్థాలు కలిసి ఉండవచ్చు. ముడిసరుకు ఏమిటో అడిగి తెలుసుకోనిదే బస్తా కొనవద్దని నా గట్టి సలహా.