10 అంగుళాల డాబ్సోనియన్‌కి బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్: ముడతల్ని ఉండనివ్వండి

టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం మూతికి ముందు బిగించి వెలుగుని తగ్గించే పలచటి పొర ఈ బాడర్ ఫిల్మ్. నేను వాడేది డాబ్సోనియన్, అంటే సాదా స్టాండు మీద తిరిగే అద్దం టెలిస్కోప్, క్లుప్తంగా డాబ్. ఫిల్మ్ కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ప్యాకెట్ మీది అంకె. 5.0 అని ఉంటే కంటితో చూడటానికి, 3.8 అని ఉంటే కెమెరాకి మాత్రమే. 5.0 రకం సూర్యకాంతిలో లక్షో వంతుని లోపలికి వదులుతుంది. 3.8 దానికి దాదాపు 16 రెట్లు ఎక్కువ వదులుతుంది. బయటికి మాత్రం రెండూ ఒకేలా వెండిరంగులో మెరుస్తాయి, ప్యాకెట్ పారేశాక ఏది ఏదో పోల్చుకోలేం. అందుకే ఫిల్మ్ బిగించడానికి నేను చేసిన ప్రతి ఫ్రేము అంచు మీదా 5.0 అని మార్కర్‌తో పెద్దగా రాసి ఉంచాను. మీరూ రాసుకోండి.

రెండోది సైజు. ఎ4 సైజు షీటు వెడల్పు 20 సెంటీమీటర్లే. నా టెలిస్కోప్ అద్దం వ్యాసం 254 మిల్లీమీటర్లు, అంటే ఎ4 షీటుతో మూతి మొత్తం కప్పడం కుదరదు. పెద్ద డాబ్ ఉన్నవాళ్లు 50 × 100 సెంటీమీటర్ల షీటే తీసుకోవాలి. దాంట్లో 30 సెంటీమీటర్ల చదరాలు మూడు వస్తాయి, మిగిలిన అంచులు బైనాక్యులర్‌కి సరిపోతాయి. ఒకటి వాడుకుని ఒకటి దాచుకోండి.

ఇక తయారీ. ఈ ఫిల్మ్ గొప్పతనం సగం దానిలో ఉంటే మిగతా సగం మీరు చేసే ఫ్రేములో ఉంది. చాలామంది అద్దంలా నున్నగా ఉండాలని దాన్ని నలువైపులా లాగి బిగిస్తారు. అలా చేస్తే బొమ్మ పాడవుతుంది. ఫిల్మ్ చాలా పలచన, కాబట్టి అక్కడక్కడా వంగి ఉన్నా దాని గుండా వచ్చే కిరణానికి ఏమీ కాదు. అదే లాగితే ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా సాగుతుంది, సూర్యుడి మీది మచ్చల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. వదులుగా, చిన్న చిన్న అలలతో ఉన్న ఫిల్మే సరైన ఫిల్మ్. చూసినవాళ్లు 'ఇదేంటి ఇలా నలిగింది' అంటారు. అననివ్వండి.

నేను చేసే పద్ధతి ఇది. మందపాటి ఫోమ్ బోర్డు నుంచి ఒకే కొలతతో రెండు రింగులు కోస్తాను. శుభ్రమైన బల్ల మీద టిష్యూ కాగితం పరిచి, దాని మీద ఫిల్మ్‌ని దాని మానాన అది పడుకునేలా వదులుతాను. ఒక రింగుకి చుట్టూ డబుల్ సైడెడ్ టేప్ అతికించి, నిటారుగా పైనుంచి దించుతాను. ఫిల్మ్‌ని ఎత్తి రింగు మీద వేయకూడదు, రింగునే దించాలి. కిటుకంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఎత్తగానే చేతి బరువుకి ఫిల్మ్ ఒకవైపుకి సాగుతుంది. తర్వాత రెండో రింగు అతికించి, బయట మిగిలిన ఫిల్మ్‌ని కత్తిరించేయడమే. ఈ పని గాలి లేని గదిలో, ఫ్యాన్ ఆపేసి చేయాలి.

రింగు వెనక అట్టతో గొట్టంలా ఒక పట్టీ చుట్టి, లోపల ఫెల్ట్ గుడ్డ అతికిస్తే టెలిస్కోప్ మూతికి గట్టిగా పట్టుకుంటుంది. అయినా మూడుచోట్ల వెల్క్రో పట్టీలు వేయకుండా నేను వాడను. కంటికీ సూర్యుడికీ మధ్య ఉన్నది ఈ ఒక్క మూతే, గాలికి ఎగిరిపోతే రెప్ప వేసేలోపే చూపు పోతుంది. రెటీనాకి నొప్పి తెలియదు కూడా. గురి చూడటానికి గొట్టం పక్కన ఉండే చిన్న దుర్బిణి, ఫైండర్‌ని తీసి పక్కన పెట్టేయండి. సూర్యుణ్ణి పట్టుకోవడానికి నేల మీద గొట్టం నీడ బాగా చిన్నదయ్యేదాకా తిప్పితే చాలు. గొట్టం బదులు కడ్డీలు ఉండే ట్రస్ డాబ్ అయితే చుట్టూ మందపాటి నల్లగుడ్డ తప్పనిసరి. ఐపీస్‌కి, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, బిగించే 'సన్' ఫిల్టర్లు ఎక్కడైనా కనిపిస్తే వాటి జోలికి పోకండి. అద్దం పోగుచేసిన వేడంతా వాటి మీదే పడుతుంది, పగిలిపోతాయి.

బొమ్మ ఎలా ఉంటుందంటే, సూర్యుడు తెల్లగా, ఒక్క పిసరు నీలం కలిసినట్టు కనిపిస్తాడు. నల్ల పాలిమర్ ఫిల్టర్లలో కనిపించే నారింజ రంగు ఇష్టపడేవాళ్లకి ఇది మొదట చప్పగా అనిపించవచ్చు. కానీ సూర్యుడి అంచుల దగ్గర మచ్చల చుట్టూ తెల్లగా పాకే వెలుగు చారలు, ఫాక్యులే అంటారు వాటిని, ఈ తెలుపులోనే బాగా తేలతాయి. 2024 మే నెలలో 3664 నంబరు మచ్చల గుంపు వచ్చింది కదా, భూమి వ్యాసానికి దాదాపు 15 రెట్ల పొడవున్నది. దాన్ని ఈ ఫిల్మ్‌తో చూశాను. నల్లటి నడిభాగం, దాని చుట్టూ బూడిదరంగు అంచు, ఆ అంచులో లోపలి నుంచి బయటికి వచ్చే సన్నని పోగులు, నడిభాగాన్ని చీలుస్తూ వెళ్లే వెలుగు వంతెనలు, అన్నీ విడివిడిగా కనిపించాయి. కుర్చీ మీంచి లేవబుద్ధి కాలేదు.

పెద్ద అద్దానికి పూర్తి మూత అవసరమా, అట్టమూతలో పక్కగా ఫిల్మ్ అతికించిన చిన్న రంధ్రం చాలదా అని అడుగుతుంటారు. నా టెలిస్కోప్‌లో మూతి మధ్యన ఉండే చిన్న రెండో అద్దం పక్కన 90 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది. పగటి వేడికి గాలి కదులుతూ ఉంటుంది కనుక ఎక్కువసేపు ఆ 90 మిల్లీమీటర్లు చూపించేంతే పెద్ద అద్దమూ చూపిస్తుంది, ఆ వాదన నిజమే. కానీ ఉదయం నేల ఇంకా వేడెక్కక ముందు, పచ్చిక మీద పెట్టి ఓపికగా చూస్తే, గాలి ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ క్షణంలో సూర్యుడి ఒళ్లంతా బియ్యపు గింజలు పరిచినట్టు కణాలు తేలతాయి. ఒక్కో కణం దాదాపు 1000 కిలోమీటర్లు, మనకి కనిపించేది ఒకటిన్నర ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) కూడా ఉండదు. చిన్న రంధ్రంలో నాకు అవి ఎప్పుడూ అంత తేటగా తేలలేదు. అందుకే నేను పూర్తి మూతే చేయమంటాను. గాలి బాగోలేని రోజు దాని పైన రంధ్రమున్న అట్ట పెట్టుకోవచ్చు. పూర్తి మూతతో వెలుగు కాస్త ఎక్కువ అనిపిస్తే ఐపీస్ దగ్గర పోలరైజర్ గానీ ఆకుపచ్చ ఫిల్టర్ గానీ అదనంగా బిగించండి. కణాలకి ఆకుపచ్చే మేలు.

సూర్యుడి అంచున ఎగసే మంటల కోసం ఇది కొనకండి. అవి కనిపించాలంటే హైడ్రోజన్ ఇచ్చే ఒక్క ఎరుపు వెలుగునే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా పరికరం కావాలి, అది వేరే లెక్క. తయారుగా దొరికే ఒక గాజు ఫిల్టర్ కూడా వాడి చూశాను. దాని గుండా మచ్చల అంచులు మెత్తగానే ఉండేవి, ఎంత ఫోకస్ చేసినా పదును రాలేదు.

వాడే ముందు ప్రతిసారీ ఫిల్మ్‌ని ప్రకాశమైన బల్బుకి ఎదురుగా పట్టి చూడండి. ఒకటీ అరా సూదిమొన చుక్కలుంటే నల్ల మార్కర్‌తో మూసేయవచ్చు. గీత పడినా, చిరిగినా, పూత ఊడినా అతుకులు వేయొద్దు, పారేసి దాచిన ముక్కతో కొత్తది చేయండి. దుమ్ము పడితే గాలి బుడ్డితో ఊదండి, గుడ్డతో తుడవకండి. మూతని పడుకోబెట్టి, మీద ఏ బరువూ పడకుండా గట్టి డబ్బాలో పెట్టండి.