హ్యారీ స్టీఫెన్ కీలర్ ‘ట్రావెలింగ్ స్కల్’: పునర్ముద్రణ కొని చదివాక

ముందు తీర్పు చెప్పేస్తాను. అమెరికన్ రచయిత హ్యారీ స్టీఫెన్ కీలర్ రాసిన ‘ద రిడిల్ ఆఫ్ ద ట్రావెలింగ్ స్కల్’ కొనుక్కోండి. 1934 నాటి డిటెక్టివ్ నవల. మెక్‌స్వీనీస్ వాళ్లు కాలిన్స్ లైబ్రరీ వరుసలో 2005లో మళ్లీ వేశారు. నా దగ్గరున్నది ఆ ప్రతే. ఏడాదిలో మూడుసార్లు చదివాను. మూడోసారి పక్కన పెన్సిలూ గ్రాఫ్ కాగితమూ పెట్టుకుని చదివాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి పేజీ తెరవగానే ఒక వాక్యం మొదలవుతుంది, ఎంతకీ ఆగదు. అందులో మిలో పేన్ అనే ఇంగ్లిష్‌వాడు, వాడి గళ్ల టోపీ, నాలుగు కాళ్లూ ఆరు చేతులూ ఉన్న లెగ్గా అనే సాలీడు మనిషి, జైలుకెళ్లొచ్చిన ఇకబాడ్ చాంగ్, ఎవరికీ దొరకని కవయిత్రి అబిగేల్ స్ప్రిగ్, 2163 ముత్యపు బొత్తాలున్న గ్రేట్ సైమన్ ఒకరి వెనక ఒకరు వచ్చేస్తారు. తీరా చూస్తే కథ చెప్పేవాడు అంటున్నది ఒక్కటే: వీళ్లెవరి గురించీ అప్పటికి నాకు ఏమీ తెలియదు అని! తెలియదని చెప్పడానికి ఊరందర్నీ పిలిచి వరసగా నిలబెట్టాడు.

ఈ పేజీ నేను ఇంట్లో పైకి చదువుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఆగండాగండి, బొత్తాలు ఎన్నన్నారు?”

“రెండు వేల నూట అరవై మూడు.”

“ఎవరు లెక్కపెట్టారండీ?”

ఆ ప్రశ్నతోనే ఆమె కూడా కీలర్ మనిషైపోయింది. రెండు వేలు అంటే అతిశయోక్తి అనుకుని ముందుకెళ్లిపోతాం. రెండు వేల నూట అరవై మూడు అన్నప్పుడు ఒక మనిషి బల్ల ముందు కూర్చుని నిజంగా ఒక్కో బొత్తామూ లెక్కపెట్టినట్టు అనిపిస్తుంది. కీలర్ నవ్వించాలని ఆ అంకె వేశాడని నేను అనుకోను. ఆయనకి ఆ అంకె కావాలి, అంతే. మనకి నవ్వొస్తుంది. ఆయన మాత్రం ఎక్కడా నవ్వడు. పుస్తకం పొడవునా ఇదే వరస.

కథ క్లుప్తంగా: మిఠాయి కంపెనీ సేల్స్‌మన్ క్లే కాల్తోర్ప్ షికాగోకి తిరిగొస్తాడు. ట్రామ్‌లో అతని సంచీ ఇంకొకరి సంచీతో మారిపోతుంది. ఇంటికెళ్లి తెరిస్తే లోపల మనిషి పుర్రె. ఆ పుర్రె ఎవరిదో, ఎందుకలా తిరుగుతోందో తెలుసుకోవడమే మిగతా నవల. ఇంతకన్నా చెప్పను. చెప్పినా మీరు నమ్మరు.

ఇక గ్రాఫ్ కాగితం సంగతి. నేను పనిచేసేది సబ్‌స్టేషన్‌లో. రోజూ నా చేతిలో ఉండేది సింగిల్ లైన్ డయాగ్రమ్: ఏ ఫీడర్ ఏ బస్‌బార్‌కి తగులుతుంది, ఏ బ్రేకర్ తెరిస్తే ఎవరికి కరెంటు పోతుంది అన్నదంతా గీతల్లో ఉంటుంది. కీలర్ చదివింది కూడా ఎలక్ట్రికల్ ఇంజనీరింగే, షికాగోలోని ఆర్మర్ ఇన్‌స్టిట్యూట్‌లో. తర్వాత ఉక్కు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పగలు పనిచేసి, రాత్రుళ్లు కథలు రాసేవాడు. 1928లో తన పద్ధతి గురించి రచయితల కోసం పెద్ద వ్యాసమే రాశాడు. దాన్ని వెబ్‌వర్క్ అన్నాడు. పాత్రకో గీత, రెండు గీతలు తగిలిన చోట ఒక సంఘటన. అలా పదులకొద్దీ గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ చివరికి ఒక్క ముడి దగ్గరికి రావాలి. పత్రికల్లోంచి కత్తిరించిన వార్తలు గుట్టగా దాచుకుని, వాటిలోంచి చేతికందినవి తీసి, ఒకదానికొకటి సంబంధం లేని ఆ ముక్కల్ని ఒకే నవలలో కుట్టేవాడు.

ఈ నవలకి నేను గీసిన బొమ్మలో అన్ని గీతలూ కలిశాయి. రెండు రాత్రులు పట్టింది. కాకతాళీయాలు లెక్కలేనన్ని, నమ్మశక్యం కానివి కూడా బోలెడు. అయినా ఊరికే గాల్లో వేలాడే తీగ నాకు ఒక్కటీ దొరకలేదు. నా వృత్తిలో దానికి ఒక గౌరవం ఉంది.

అలాగని లోపాలు దాచను. నడిమి భాగం సాగుతుంది. ఒక పాత్ర ఇంకో పాత్రని కూర్చోబెట్టి పేజీలకి పేజీలు ముందుకథ చెబుతూనే ఉంటుంది. యాసలు మరీ ఇబ్బంది. వలస వచ్చినవాళ్లనీ, చైనా వాళ్లనీ, నల్లవాళ్లనీ ఆ కాలపు పల్ప్ పత్రికల, అంటే చవక కథల పత్రికల, మూసలోనే పోసి, వాళ్ల మాటల్ని వంకర స్పెల్లింగుల్లో రాశాడు. అవి చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. పైకి చదివేటప్పుడు ఆ ముక్కలు నేను వదిలేశాను. పిల్లలకి ఇచ్చేవాళ్లు ముందు తాము చదివి ఇవ్వడం మంచిది.

ఈ పునర్ముద్రణ విలువ నాకు బాగా తెలియడానికి ఒక కారణం ఉంది. అంతకుముందు పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర కీలర్ నవల ఇంకొకటి కొన్నాను. అట్ట బాగుంది, లోపల కాగితమూ గట్టిగానే ఉంది. చివరి పదహారు పేజీలే లేవు. వేరే రచయితైతే ఊహించుకుని సర్దుకుపోయేవాణ్ణి. కీలర్ చివరి పేజీలు ఊహించడం ఎవరి తరమూ కాదు. ముడి విడేది అక్కడే. రెండు వారాలు ఆ కథ బుర్రలో తిరుగుతూనే ఉంది, నిద్ర పట్టలేదు. డబ్బులు తిరిగొచ్చాయి గానీ ఆ కోపం ఇప్పటికీ పోలేదు. అందుకే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తిగా ఉన్న కొత్త ప్రతి చేతికొచ్చినప్పుడు ముందు వెనకనుంచి తిప్పి చూసుకున్నాను.

ఈ పుస్తకాలు ఇవాళ మనకి దొరుకుతున్నాయంటే అది అభిమానుల పుణ్యమే. అమెరికాలో డటన్ వాళ్లు 1927 నుంచి 1942 దాకా ఆయనవి 37 నవలలు వేసి ఆపేశారు. ఆ 1942లోనే న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు, ఈయన కేవలం తన సృష్టి సంబరం తీర్చుకోవడానికే ఈ విచిత్రమైన నవలలు రాస్తున్నట్టుంది అని తేల్చాడు. తర్వాత కీలర్ అద్దె లైబ్రరీలకి పుస్తకాలు వేసే చిన్న సంస్థకి వెళ్లాడు. 1948కి అదీ పోయింది. ఇంగ్లండ్‌లో 1953 దాకా వచ్చాయి. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో వేసేవాడే లేడు. అయినా రాస్తూనే ఉన్నాడు, కొన్ని స్పానిష్, పోర్చుగీస్ అనువాదాలుగా మాత్రమే బయటికొచ్చాయి. 1967లో షికాగోలోనే పోయాడు.

ముప్పై ఏళ్లు గడిచాక, 1997లో, రిచర్డ్ పోల్ట్ అనే తత్వశాస్త్ర ప్రొఫెసర్ కీలర్ సొసైటీ మొదలుపెట్టాడు. ‘కీలర్ న్యూస్’ అని పత్రిక తెచ్చారు. కీలర్‌లా రాయమని పోటీలు పెట్టారు. ర్యాంబుల్ హౌస్ అనే చిన్న ప్రచురణ సంస్థ కీలర్‌ని దాదాపు మొత్తంగా మళ్లీ అచ్చు వేసింది, ఆయన బతికుండగా వెలుగు చూడనివి కూడా. కీలర్‌ని చూసి నవ్వుకోవడానికే వీళ్లంతా చేరారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎగతాళికైతే ఒక పేజీ చాలు. ఒక మనిషి రాసినదంతా వెతికి, టైపు చేసి, తప్పులు దిద్ది, నష్టమొచ్చినా అచ్చు వేయరు. 1936లో వచ్చిన ‘ద మార్సో కేస్’ సంగతే చూడండి. పచ్చిక మధ్యలో గొంతు నులిమి చంపిన మనిషి, చుట్టూ పసిపిల్లాడి పాదాల్లాంటి చిన్న గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. ఆటోజైరోలో (హెలికాప్టర్ లాంటి చిన్న విమానం) వచ్చి చంపే ‘శిశువు’ మీద అనుమానం. నవలంతా టెలిగ్రాములూ ఉత్తరాలూ పేపరు కటింగులూ! ఇలాంటిది రాసిన ధైర్యానికి అభిమానులు నవ్వుతూనే లేచి నిలబడతారు. నేనూ నిలబడ్డాను.

‘స్కల్’ నచ్చితే రెండోదిగా ‘ద స్పెక్టకిల్స్ ఆఫ్ మిస్టర్ కాగ్లియోస్ట్రో’ తీసుకోండి. తండ్రి వీలునామా ప్రకారం ఆస్తి దక్కాలంటే కొడుకు ఏడాది పాటు వికారమైన నీలం కళ్లద్దాలు పెట్టుకుని తిరగాలి. ఆ కళ్లద్దాల సీన్లు చదువుతుంటే మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. తర్వాత ఆ కుర్రాణ్ణి కుట్ర చేసి పిచ్చాసుపత్రిలో పడేస్తారు. మతి సరిగ్గా ఉన్నవాడు తనకి మతి ఉందని ఎంత చెప్పినా, ఆ చెప్పడాన్నే రోగం కింద రాసుకుంటారు.

అక్కడ ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇదేంటండీ, చూసినట్టు రాశాడు?” అంది.

చూసే రాశాడని చెప్పాను. కీలర్‌కి ఇరవై ఏళ్లప్పుడు కన్నతల్లే ఆయన్ని పిచ్చాసుపత్రిలో చేర్పించింది. ఎందుకు చేర్పించిందో ఎవరికీ తెలియదు. మానసిక వైద్యులంటే ఆయనకి జీవితాంతం పడలేదు. ఆసుపత్రి మాత్రం నవల తర్వాత నవలలో వస్తూనే ఉంది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, “వీడు బయటికొస్తాడా లేదా, చదవండి” అంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా చదివాం. పొద్దున్నే ‘ద బాక్స్ ఫ్రమ్ జపాన్’ ఆర్డర్ పెట్టాను. అది మొదటిసారి అచ్చయినప్పుడు 765 పేజీలట.