కళ్లముందే ఉన్న జవాబు: నాకిష్టమైన జాల్లో సినిమాలు

హంతకుడెవరో తెలిసిపోయాక కూడా మళ్లీ చూడాలనిపించే మర్డర్ మిస్టరీలు తక్కువ. నాకు అలాంటివి ఎక్కువగా 1960, 70ల నాటి ఇటలీ జాల్లో సినిమాల్లోనే, అంటే హత్యల రహస్యం చుట్టూ తిరిగే ఇటాలియన్ థ్రిల్లర్లలోనే దొరికాయి.

వాటిలో నా మొదటి ఓటు డారియో అర్జెంటో తీసిన ‘డీప్ రెడ్’కే (1975). డేవిడ్ హెమింగ్స్ ఇందులో పియానో వాయించే మార్కస్. రాత్రిపూట కూడలిలో ఉండగా పైన కిటికీలో ఒకావిడ హత్య కావడం చూస్తాడు. గబగబా మెట్లెక్కి, గోడలకు బొమ్మలు వేలాడుతున్న నడవా దాటుకుని లోపలికి వెళ్తాడు. తర్వాత అతన్ని ఒకటే ఆలోచన తొలిచేస్తుంది: ఆ నడవాలో ఏదో చూశాను, ఇప్పుడది అక్కడ లేదు, ఏమిటది? జవాబు ఆ సీన్‌లోనే తెర మీద ఉంది. అర్జెంటో దాచలేదు, మనమే గమనించలేదు. సినిమా అయ్యాక నేను వెనక్కి తిప్పి ఆ చోట ఆపి చూశాను. ఒళ్లు జలదరించింది.

హత్యకు ముందు పిల్లల పాట ఒకటి వినిపిస్తుంది. సగం సినిమా గడిచేసరికి ఆ పాట మొదలైతే చాలు, నాకు టెన్షన్. దాని మీద గోబ్లిన్ బ్యాండ్ సంగీతం. దయచేసి రెండు గంటలు దాటే ఇటాలియన్ వెర్షన్‌నే చూడండి. విదేశాలకు పంపిన కాపీలో ఇరవై నిమిషాలకు పైగా కోసేశారు. పోయినవాటిలో చాలావరకు హీరోకీ, డారియా నికొలోడి వేసిన జర్నలిస్టు జాన్నాకీ మధ్య సరదా సన్నివేశాలే. ఆమె బుల్లి ఫియట్ కారులో పక్క సీటు కుంగిపోయి ఉంటుంది. హెమింగ్స్ అందులో కూరుకుపోయి ఆమె వైపు తలెత్తి మాట్లాడాల్సి వస్తుంది. ఆ నవ్వులు లేకపోతే తర్వాత వచ్చే భయానికి అంత బలం ఉండదు.

అర్జెంటో మొదటి సినిమా ‘ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’ (1970) కూడా చూపు మీద నడిచేదే. రోమ్‌లో ఉంటున్న అమెరికన్ రచయిత ఒక ఆర్ట్ గ్యాలరీలో ఒక స్త్రీ మీద దాడి జరగడం చూసి సాయానికి పరిగెడతాడు. రెండు గాజు తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు. లోపల తెల్లటి గదిలో ఆమె నెత్తురోడుతూ పాకుతుంటే అతనికి అన్నీ కనిపిస్తాయి, చేయి మాత్రం అందదు. కెమెరా విట్టోరియో స్టోరారో, సంగీతం ఎన్నియో మొరికోనె. మొదటి సినిమాకే ఇలాంటివాళ్లు దొరికితే ఇంకేం కావాలి!

రంగుల కోసం మారియో బావా ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ (1964) చూడాలి. కథ జరిగేది ఒక ఫ్యాషన్ హౌస్‌లో. హత్యకు గురైన మోడల్ డైరీ బయటపడుతుంది. అది ఒక హ్యాండ్‌బ్యాగ్‌లో ఉందని అందరికీ తెలుసు. ఫ్యాషన్ షో హడావుడి నడుస్తున్నా అందరి కళ్లూ ఆ బ్యాగ్ మీదే. ఒక్కరూ నోరు విప్పకుండానే అందరి మీదా అనుమానం పుట్టించాడు బావా. కథ కొంచెం పలచనే, కానీ ఆ ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల్లో నాకది పట్టలేదు.

లూచో ఫుల్చి ‘డోంట్ టార్చర్ ఎ డక్లింగ్’ (1972) మాత్రం వేరే రకం. దక్షిణ ఇటలీ పల్లెటూరు, వరసగా పిల్లల హత్యలు. మంత్రగత్తె అని ఊరు ముద్ర వేసిన ఒక స్త్రీని శ్మశానంలో గొలుసులతో కొడతారు, పక్కన రేడియోలో పాట మోగుతూనే ఉంటుంది. ఆమె పాక్కుంటూ రోడ్డు దాకా వస్తే, కార్లు ఆగకుండా వెళ్లిపోతాయి. ఆ పాత్ర వేసిన ఫ్లోరిండా బోల్కన్ ముఖం చాలా రోజులు వెంటాడింది. మూఢనమ్మకం పేరుతో ఊరంతా ఏకమై ఒక మనిషిని చంపడాన్ని ఇంత కోపంతో చూపిన థ్రిల్లర్ నేను చూడలేదు.

ఈ సినిమాల్లో హింస, ముఖ్యంగా ఆడవాళ్ల మీద హింస, బాగా ఎక్కువ. అది నాకూ ఇబ్బందే, పిల్లలతో కలిసి అసలు చూడొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ‘క్రిస్టల్ ప్లూమేజ్’తో మొదలుపెట్టి, తర్వాత ‘డీప్ రెడ్’ చూడండి. నడవా సీన్ వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి.