టకోమాలో ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఇంటి దగ్గరే మార్చుకుంటున్నాను: కారణం ఆ ‘డి’ లైటు

నాది 2011 టయోటా టకోమా పికప్, నాలుగు లీటర్ల వి6, ఐదు గేర్ల ఆటోమేటిక్. హ్యూస్టన్‌లో ఏళ్ళ తరబడి నడుపుతున్నాను. ఇంజిన్ మన్నిక గురించీ మైలేజీ గురించీ రాసినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, అవి మళ్ళీ రాయను. నేను చెప్పదలచుకున్నది మీటర్ బోర్డులో వెలిగే ఒక చిన్న లైటు గురించి. గేరు డ్రైవ్‌లో ఉందని చూపించే ‘డి’ లైటే అది. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (గేర్‌బాక్స్ నూనె) సొంతంగా మార్చుకునేవాడికి ఈ బండిలో అంతకు మించిన సాయం లేదు. దాని మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ బండికి ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్, అంటే ఫ్లూయిడ్ మట్టం చూసే పుల్ల, ఉండదు. దాంతో చాలామంది ఇది మన చేతిలో పని కాదని వదిలేస్తారు. నిజానికి దాని బదులు ఇచ్చిన ఏర్పాటు ఎంతో బాగుంది. గేర్‌బాక్స్ అడుగున ఫ్లూయిడ్ నిలిచే పళ్ళెం (పాన్) లోపల ఒక చిన్న గొట్టం నిలబెట్టి ఉంటుంది. కింద మట్టం చూసే ప్లగ్ విప్పితే, ఆ గొట్టం అంచు దాటిన ఫ్లూయిడ్ కారిపోతుంది, అంచుకు దిగువన ఉన్నది కదలదు. అంటే మట్టం అదే సరిచూసుకుంటుంది. కాకపోతే వేడికి ఫ్లూయిడ్ ఉబ్బుతుంది కాబట్టి, ఈ కొలత ఒక ఉష్ణోగ్రత దగ్గరే నిజం. సుమారు 115 నుంచి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, ఇంజిన్ నడుస్తూ ఉండగా చూడాలి. ఆ వేడి వచ్చిందని చెప్పేదే మన ‘డి’ లైటు. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 4, 13 నంబరు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్ లివర్‌ను అన్ని స్థానాల్లోకీ మెల్లగా తిప్పి, తర్వాత ఎన్ (న్యూట్రల్)కీ డి (డ్రైవ్)కీ మధ్య కొన్ని సెకన్లు చకచకా మారిస్తే ఆ లైటు రెండు సెకన్లు వెలిగి ఆరుతుంది. అక్కడి నుంచి అది థర్మామీటరే. చల్లగా ఉంటే వెలగదు, సరైన వేడికి వస్తే వెలిగి నిలబడుతుంది, వేడి మించితే టపటపా కొట్టుకుంటుంది. ఏ స్కానరూ లేకుండా, ఒక్క వైరు ముక్కతో!

దీని విలువ నాకు తెలిసొచ్చింది ఒక ఆగస్టు తర్వాత. ఫ్లూయిడ్‌ను చల్లబరిచే కూలర్ గొట్టం దగ్గర చెమ్మ కనిపిస్తే దగ్గర్లోని ఒక షాపులో చూపించాను. లీకు ఆపారు, ఫ్లూయిడ్ పోశారు, మట్టం కూడా చూశామన్నారు. కొన్నాళ్ళకు బండి తీరు మారింది. రివర్స్‌లోంచి డ్రైవ్‌లోకి వేస్తే ఒక్క క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి నెట్టినట్టు కదులుతుంది. ఎత్తుమీదికి ఎక్కించేటప్పుడు మరీ ఎక్కువ. దానికి తోడు 40, 45 మైళ్ళ వేగం దగ్గర సన్నటి వణుకు. మళ్ళీ అదే షాపుకి వెళితే గేర్‌బాక్స్ దించి బాగుచేయాలన్నారు. వేల డాలర్ల మాట అది. అంత ఖర్చు పెట్టే ముందు మట్టం ఒకసారి నా కళ్ళతో చూసుకోవాలనిపించింది.

చలికాలం దాకా ఆగాను. హ్యూస్టన్‌లో జనవరి పొద్దున చల్లగా ఉంటుంది, ఫ్లూయిడ్ నెమ్మదిగా వేడెక్కుతుంది, మనకు వ్యవధి దొరుకుతుంది. మామయ్యగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. నెల్లూరులో లారీలు తిప్పిన మనిషి, పని చూస్తూ ఊరికే కూర్చోలేరు. లైటేమో క్యాబిన్‌లో, నేనేమో బండి కింద. అందుకని ఆ లైటు చూసే పని ఆయన తీసుకున్నారు. లివర్ తిప్పే పనంతా నేను కిందికి దూరక ముందే అయిపోయింది. పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టాకే దూరాను. ఇంజిన్ నడుస్తున్న బండి కింద పని కదా, ఇందులో ఏ ఒక్కటీ వదలకూడదు.

కాసేపటికి పైనుంచి “వెలిగింది బాబూ!” అని కేక. ప్లగ్ విప్పాను. ఒక్క చుక్క రాలేదు. నింపే ప్లగ్‌లోంచి చేతి పంపుతో పోయడం మొదలుపెట్టాను. దాదాపు క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) సీసా మొత్తం లోపలికి పోయాక గానీ కింద ఎర్రటి ధార మొదలవలేదు. ధార సన్నబడి చుక్కలుగా మారగానే బిగించేశాను. అంటే అన్నాళ్ళూ గేర్‌బాక్స్ క్వార్ట్ తక్కువతో తిరిగింది. షాపువాళ్ళు ఎండలో తిరిగొచ్చిన బండికి, ఫ్లూయిడ్ బాగా కాగి ఉబ్బి ఉన్నప్పుడు మట్టం చూసి, పొంగిందంతా వదిలేసి ఉంటారని నా లెక్క. చల్లారాక మట్టం పడిపోయింది. డ్రైవ్ పడటంలో ఆలస్యానికి అంతకు మించిన కారణం ఏమీ లేదు.

ఆ పొద్దున అంతకు ముందే పాత ఫ్లూయిడ్ నాలుగు చుక్కలు మాత్రం దించి చూశాం. మామయ్యగారు రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, “మాడు కంపు లేదండీ, రజను కూడా తగలట్లేదు, కంగారు పడకండి” అన్నారు. లారీ గేరాయిల్‌కు ఆయన వాడిన పరీక్షే ఇక్కడా చెల్లింది. గోధుమ రంగుకు తిరిగిందని భయపడక్కర్లేదు. మాడు వాసన, మెరిసే లోహపు రేకులు కనిపిస్తేనే ఆలోచించాలి.

డ్రైవ్ పడటంలో ఆలస్యం ఆ రోజే పోయింది, మళ్ళీ రాలేదు. వణుకు మాత్రం బాగా తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. ట్రైలర్ తగిలించి ఆస్టిన్ అవతల కొండదారి ఎక్కేటప్పుడు ఇప్పటికీ లీలగా తెలుస్తుంది. దాన్ని ఫ్లూయిడ్ మార్పు నయం చేసిందని నేను చెప్పను.

ఇంకో సంగతి. ఫ్లూయిడ్ దించే (డ్రెయిన్) ప్లగ్ వేరు, అది తీసినా మొత్తం దిగదు. పది క్వార్ట్‌ల పైన పట్టే గేర్‌బాక్స్ ఇది. దిగేది మూడు క్వార్ట్‌ల చుట్టూ. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే భాగం), కూలర్‌లో, వాల్వ్ బాడీలో (ఫ్లూయిడ్‌ను గేర్లకు మళ్ళించే భాగం) ఉండిపోతుంది. కాబట్టి దించి పోయడం, కొన్నాళ్ళు నడిపి మళ్ళీ దించి పోయడం, ఇలా మూడు విడతలు చేస్తే లోపల అరవై శాతం పైచిలుకు కొత్తదవుతుంది. నేను ఈ పద్ధతిలోనే చేస్తున్నాను. కూలర్ గొట్టం విప్పి ఇంజిన్‌తోనే తోడించి ఒకేసారి మార్చేవాళ్ళున్నారు. అది త్వరగా అయ్యే పనే గానీ, పోసేవాడి చెయ్యి కాస్త వెనకబడినా గేర్‌బాక్స్‌లోని పంపు ఎండిపోతుంది. నాకు విడతల పద్ధతే నిశ్చింత. ఏ పద్ధతైనా నింపే ప్లగ్ ఊడుతుందని తేలాకే దించే ప్లగ్ మీద పానా వేయాలి. డబ్బాలు కొనేటప్పుడు డబ్ల్యూఎస్ (ఈ గేర్‌బాక్స్‌కు టయోటా చెప్పిన ఫ్లూయిడ్ రకం) అని ఉన్నది చూసి తీసుకోవాలి, పాత టయోటాల టి-ఫోర్ రకం ఇందులో పోయకూడదు. ఈ గేర్‌బాక్స్ చేసిన ఐసిన్ వాళ్ళ డబ్బాలే నేను వాడుతున్నాను. పాతది ఆటోజోన్ లాంటి దుకాణాల్లో ఊరికే తీసుకుంటారు.

‘డి’ లైటును ఇంత మెచ్చుకున్నాను గానీ, దానికీ హద్దులున్నాయి. వేడి ఆ 115, 130 డిగ్రీల మధ్య ఎక్కడుందో అది చెప్పదు, ఇప్పుడే వచ్చిందా, దాటిపోబోతోందా తెలియదు. టెక్సాస్ వేసవిలో మధ్యాహ్నం మొదలుపెడితే, ప్లగ్ విప్పి ఫ్లూయిడ్ పోసే లోపే లైటు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. పైగా రెండో మనిషి కావాలి. మామయ్యగారు వెళ్ళిపోయాక నేను బ్లూటూత్ స్కానర్ కొని, ఫోన్‌లో అంకె చూసుకుంటూ చేస్తున్నాను. ఆ అంకె సరైనదో కాదో చూసుకోవడానికి మాత్రం లైటును వాడుతున్నాను, అంతే.

నా పరిస్థితులు కూడా చెప్పాలి. మా గ్యారేజ్ నేల సమతలం. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరగలను, బండి వాలిపోదు, మట్టం తప్పదు. మొదటి విడత చేసినప్పుడు లక్ష మైళ్ళు ఇంకా దాటలేదు, బరువులు లాగడం అరుదు. వాలు డ్రైవ్‌వే ఉన్నవాళ్ళు నాలుగు స్టాండ్ల మీద సమంగా ఎత్తలేకపోతే ఈ పని పెట్టుకోవద్దు. ఇండియాలో హైలక్స్ ఆటోమేటిక్ ఉన్నవాళ్ళు ఈ అంకెలు వాడొద్దు, అది ఆరు గేర్లది, వేరే గేర్‌బాక్స్. రెండు లక్షల మైళ్ళు తిరిగి ఒక్కసారి కూడా ఫ్లూయిడ్ మార్చని సెకండ్ హ్యాండ్ బండి మీ చేతికొస్తే, ముందు కాస్త దించి వాసన చూడండి. మాడు కంపు కొడితే నా మాట పక్కనపెట్టి, ట్రాన్స్‌మిషన్ పనే చేసే మెకానిక్‌కు చూపించుకోండి.